అతిథికి అర మార్కు

"బొమ్మ మీద పట్టీ నేనే అంటించి తెచ్చానండి. మీకెందుకు శ్రమ అని," అన్నాడు కార్డుల కంపెనీ మనిషి, కవరు బల్ల మీద పెడుతూ.

రంపానికి ఆ మర్యాద నచ్చింది.

రంపం అతని అసలు పేరు కాదు. కార్డుల ఆటలాడే కుర్రకారు పెట్టిన పేరు. వారపత్రికలో కొత్త కార్డుల మీద సమీక్షలు రాస్తాడు. బాగాలేనిదాన్ని ఉతికి ఆరేస్తాడు. అచ్చుకు ముందే నమూనా అతని దగ్గరికి వస్తుంది. అతను అయిదింటికి రెండు మార్కులకన్నా తక్కువ వేస్తే కంపెనీ ఆ కార్డు జోలికి పోదు. బొమ్మతో సహా చించి పారేస్తుంది.

ఆ బొమ్మలతోనే అతనికి చిక్కు. టీవీలో వచ్చే అంతరిక్షం సీరియల్ ఆధారంగా వస్తున్న ఈ కార్డులకు బొమ్మలు గీసేవాళ్ళలో అతని చెల్లెలు కూడా ఉంది. చెల్లెలికి మార్కులు దోచిపెట్టాడని ఎవడైనా అంటే ఆ మాట పడలేడు. అందుకే బొమ్మా, దాని కింద గీసినవాళ్ళ సంతకమూ కనబడకుండా కాగితం పట్టీ అంటించి, నియమాలు మాత్రం చదివి మార్కులు వేస్తాడు. మూడేళ్ళుగా ఇదే పద్ధతి. "ఒక్కసారైనా నా బొమ్మ చూడవా అన్నయ్యా," అని చెల్లెలు అలిగేది. అచ్చయ్యాక చూస్తాలే అనేవాడు.

ఇప్పుడు అలగడానికి ఆ పిల్ల లేదు. నలభై రోజుల క్రితం రంగులు కొనుక్కొస్తానని వెళ్ళి మళ్ళీ రాలేదు.

"పోలీసులేమన్నా చెప్పారా?" గొంతు తగ్గించి అడిగాడు కంపెనీ మనిషి. వచ్చినప్పుడల్లా అతను మొదట అడిగేది అదే.

"ఏం చెబుతారు? ఎవడో వెంటపడుతున్నాడని అమ్మతో ఓసారి అందట. ఎవడే అంటే, చెబితే నువ్వు నమ్మవులే అందట. వాడి ముఖం ఎలా ఉంటుందో తెలిస్తే చాలు, మిగతాది మేం చూసుకుంటాం అంటున్నారు వాళ్ళు."

కంపెనీ మనిషి తల వంచుకున్నాడు. ఉన్నమాట చెప్పుకోవాలి, ఈ నలభై రోజుల్లో చుట్టాలు చెయ్యనిది అతను చేశాడు. చెల్లెలి ఫొటో పట్టుకుని వీధి వీధీ తిరిగాడు. అమ్మ వెంట పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాడు. చెల్లెలి గదిలో మిగిలిపోయిన బొమ్మలన్నీ సర్ది, తనే తీసుకెళ్ళి జాగ్రత్త చేశాడు.

రంపం కవరు విప్పాడు. కార్డు పేరు 'అతిథి'. ఆ సీరియల్ చూసేవాళ్ళకు వీడి సంగతి బాగా తెలుసు. అంతరిక్ష నౌకలో ప్రతి గదికీ తెలిసినవాడిలా వస్తాడు. కుశలం అడుగుతాడు. పోతూ పోతూ ఒకరిని వెంట తీసుకుపోతాడు.

నియమం నాలుగు వరుసలు ఉంది. ఈ కార్డును బోర్లా పెట్టి ఆడాలి. వంతుకొకరు చొప్పున ఎదుటి జట్టులో మనుషులు మాయమవుతారు. ఎదుటివాడు చెయ్యి చాపి, కార్డు తిప్పి ముఖం చూశాడా, ఇక అతిథి పని సరి.

'మాయమవుతారు' అన్నచోట రంపం చదవడం ఆపాడు. మాయమవడం అన్న మాట ఈ ఇంట్లో ఎవరూ పలకడం లేదు. కాసేపు కళ్ళు మూసుకుని, పని పనే అనుకుని కలం తీశాడు.

"కష్టంగా ఉంటే తర్వాత రాద్దురుగాని," అన్నాడు కంపెనీ మనిషి. "రాస్తే మాత్రం మొహమాటపడకండి. పేరు పద్దుల్లో ఎక్కింది కాబట్టి మీ మార్కులు లేనిదే ఉంచడానికీ తీసెయ్యడానికీ లేదు గాని, దీన్ని మా ఆఫీసులో కూడా ఎవరూ చూడలేదు. ఉన్నది ఈ ఒక్క నమూనాయే. ముందు మీ దగ్గరికే తెచ్చాను."

"మొహమాటమా? నా దగ్గర ఎవరి పప్పులూ ఉడకవని మీకు తెలీదా?"

"తెలుసండి. అందుకే తెచ్చాను."

రంపం గబగబా రాసేశాడు. 'భయపెట్టబోయి నవ్వులపాలైన కార్డు. ఇంటి మనుషులు ఒక్కొక్కరే మాయమవుతుంటే, కళ్ళెదుట ఉన్న కార్డును తిప్పి చూడని దద్దమ్మ ఎక్కడైనా ఉంటాడా? అర మార్కు. అదీ దయతలచి.'

కార్డు తిరిగి కవరులో పెట్టబోతుంటే పట్టీ ఒక మూల లేచింది. కంపెనీ మనిషి చెయ్యి సగం దూరం వచ్చి ఆగింది. రంపం అలవాటుకొద్దీ బొటనవేలితో పట్టీని అదిమి అంటించేశాడు.

"అయితే ఇది రద్దయినట్టే," అన్నాడు కంపెనీ మనిషి, నిట్టూర్చి.

"ఏం చేస్తాం. గీసినవాళ్ళ కష్టం వృథా."

అమ్మ టీ తెచ్చింది. నలభై రోజుల్లో మనిషి సగమైపోయింది. "నువ్వు వచ్చి కూర్చుంటేనే నాకు కాస్త ధైర్యం బాబూ," అంది. "రేపు మా తమ్ముడి కూతురు నాకు తోడుంటానని వస్తోంది. చిన్నపిల్ల, ఊరు కొత్త. వీణ్ణేమో రేపు మళ్ళీ స్టేషన్‌కి రమ్మన్నారు. నువ్వు బస్టాండుకెళ్ళి దాన్ని కాస్త తీసుకొస్తావా?"

"దానిదేముందమ్మా. బస్సు ఎన్నింటికి?"

"నాలుగింటికి. నిన్ను ఎలా గుర్తుపడుతుందో ఏమో."

"ఫొటో ఉంటే ఇవ్వండి, నేనే గుర్తుపడతాను."

అమ్మ లోపలికెళ్ళి ఫొటో తెచ్చిచ్చింది. అతను దాన్ని కార్డు ఉన్న కవరులోనే పెట్టుకుని, టీ చివరిదాకా తాగి, అమ్మకు జాగ్రత్తలు చెప్పి మెట్లు దిగాడు. మనలో మనిషిలా కలిసిపోయాడు పాపం, అంది అమ్మ. రంపం అవునన్నాడు.

వీధి మలుపు తిరిగాక కంపెనీ మనిషి కార్డు బయటికి తీసి, చించబోయే ముందు పట్టీ ఊడదీసి చూసుకున్నాడు: కింద సంతకం ఆ ఇంటి ఆడపిల్లది, పైన ముఖం తనది.