గడప అవతలి సిస్టర్

గోపమ్మ వాకిట్లో పేడనీళ్ల సాన్పి చల్లుతోంది.

సాన్పి పడ్డ చోట నేల పచ్చగా ఉంది. ఆమె అడుగు పడ్డ చోట ఎర్రగా ఉంది.

"అమ్మా, నీ కాలు తెగింది. చూసుకో" అంది దారిన పోతూ ఆగిన ఒక కొత్త మనిషి.

తెల్లకోటు, భుజాన సంచి, కాళ్లకు బూట్లు. షుగరు, బీపీ ఉన్నవాళ్ల ఇళ్లకు తిరగడానికి చివ్వెంల పక్కనున్న ఆ ఊరికి కొత్తగా వచ్చిన సిస్టర్. కోదాడ వైపు మనిషని మాటను బట్టే తెలుస్తోంది.

గోపమ్మ పాదం ఎత్తి చూసుకుంది. మడమలో సీసా పెంకు. పల్లేరుకాయ తీసినంత తేలిగ్గా దాన్ని పీకి అవతల పారేసింది.

"ఏం గాదు బిడ్డా. నొప్పే లేదు."

"నొప్పి లేదంటేనే నాకు భయంగా ఉందమ్మా."

కోడలు సత్యవతి లోపలికి రమ్మని పిలిచింది. సిస్టర్ గడప దగ్గరే ఆగిపోయింది. బూట్లు విప్పలేదు. చాప పరిస్తే కూర్చోలేదు. స్టూలు అడిగి, గడప అవతలే వేసుకుని కూర్చుంది. చాయ తెస్తే చెయ్యి అడ్డం పెట్టింది.

"చక్కెర వేసింది తాగనమ్మా."

"బక్కగుండనీకె గావొచ్చు" అని సత్యవతి లోపలికి పోయి నవ్వుకుంది.

"షుగరు గోళీలు వేసుకుంటున్నావా అమ్మా?" అని అడిగింది సిస్టర్.

"బంద్ చేసిన. క్యాంపుల సూసిన సారే చెప్పిండు, షుగరు తగ్గిందని."

"తగ్గిందంటే నువ్వేమనుకున్నావు?"

"గదేం అడుగుడు? తగ్గిందంటే తగ్గింది. జరం తగ్గినంక గూడ గోళీ మింగుతరా ఎవలన్న?"

సిస్టర్ నవ్వలేదు. కోప్పడనూ లేదు.

"తక్కువైందని చెప్పారమ్మా, పోయిందని కాదు. గోళీలు వేసుకున్నావు కాబట్టే తక్కువైంది. ఇది మొత్తానికి పోయే రోగం కాదు. ఏదీ, ఆ కాలు ఒకసారి చూడనీ."

పోయే రోగం కాదన్న మాట గోపమ్మకు పొద్దున్నే శాపనార్థంలా తగిలింది.

"నీ బూట్లు నువ్వు ఇప్పవు గని, నా కాలు సూస్తనంటవా?"

గోడ మీంచి తొంగి చూస్తున్న పక్కింటి మంగమ్మ పకపకా నవ్వింది.

"మంచిగ అడిగినవ్ వదినె! కోదాడోళ్లు ఇంట్ల గూడ బూట్లతోనే తిరుగుతరేమో."

సిస్టర్ ఏదో చెప్పబోయింది. వంగి బూటు లేసు దాకా చెయ్యి పోనిచ్చింది. మళ్లీ వెనక్కి తీసుకుంది.

ఆ రోజు నుంచి ఆమె ఊరందరికీ బూట్ల సిస్టర్.

అయినా వస్తూనే ఉంది. వచ్చినప్పుడల్లా అదే స్టూలు, అదే గడప.

"ఇంట్ల లేనని చెప్పు పిల్లా" అని వంటింట్లోంచి గోపమ్మ గొణిగేది. ఆ గొణుగుడు గడప దాకా వినబడేది.

"ఫర్వాలేదమ్మా, వచ్చాక చెప్పు" అనేది సిస్టర్ సత్యవతితో, లోపలికి వినిపించేలా. "చెప్పుల్లేకుండా చేనుకు పోవద్దని చెప్పు. రోజూ అరికాలి కింద అద్దం పెట్టి చూసుకోమని చెప్పు. గోళీలు మళ్లీ మొదలుపెట్టమను."

"కాళ్లకు అద్దమంట! మొకం సూసుకోనీకే తీరిక లేదు" అని గోపమ్మ లోపల మూతి తిప్పుకునేది.

పెంకు దిగిన చోట పుండైంది. గోపమ్మ పసుపు అద్దింది, పసరు పోసింది. నొప్పి లేదు కదా అని రోజూ పత్తి ఏరడానికి పోయింది.

పాదం నల్లబడి వాసన కొట్టేసరికి, మిర్యాలగూడ రైసుమిల్లులో పనిచేసే కొడుకు పవన్ పరుగెత్తుకొచ్చాడు. సూర్యాపేట దవాఖానకు తీసుకుపోతే, మోకాలి కింది దాకా కాలు తీసేయక తప్పలేదు.

ఇంటికి తెచ్చి మంచం మీద పడుకోబెట్టారు. చూడవచ్చిన వాళ్లందరిదీ ఒకటే మాట.

"తగ్గుతది తియ్ వదినె."

ఆ మాట వినలేక గోపమ్మ గోడవైపు తిరిగింది. ఇక ఇటు తిరగలేదు. అన్నం సరిగ్గా తినదు. గోళీ మింగదు. రెండో పాదం మీదా నల్లమచ్చ లేచిందని సత్యవతి ఏడుస్తూ చెప్పింది.

"అది గూడ పోనీ" అంది గోపమ్మ.

ఒక మధ్యాహ్నం సిస్టర్ వచ్చింది.

"ఇప్పుడెందుకొచ్చినవ్?" గోపమ్మ తల తిప్పకుండానే అడిగింది. "సూడనీకె కాలు లేదుగ."

"ఇంకోటి ఉంది కదమ్మా."



గడప దగ్గర స్టూలు జరిగింది. చాలాసేపు ఏదో విప్పుతున్న చప్పుడైంది. తర్వాత మంచం పట్టె కుంగింది. ఆ ఇంట్లోకి సిస్టర్ రావడం అదే మొదటిసారి.

రెండో పాదాన్ని ఒళ్లో పెట్టుకుని తుడిచింది. మందు రాసి కట్టు కట్టింది. గోళీ తీసి గోపమ్మ చేతికి అందించింది.

"ఇది ఒక్కటి వేసుకో అమ్మా."

గోపమ్మ ఆ చేతిని తోసేసింది. గోళీ బండల మీద పడి దొర్లిపోయింది.

"కాళ్లు మంచిగున్నోళ్లు ఎన్నన్న చెప్తరు బిడ్డా" అంది గోడతోనే. "కాలు పోయిన బతుకు మీకేమెరుక?"

 సిస్టర్ మంచం పట్టె పట్టుకుని లేచింది.

నాపరాతి బండల మీద ఒక అడుగు మెత్తగా, ఒక అడుగు దబ్బుమని వినిపిస్తుంటే గోపమ్మ అన్నాళ్లకు ఇటు తిరిగి చూసింది. బూట్లు లేకుండా గడప దాటిపోతున్న ఆ రెండు పాదాల్లో ఒకటి రబ్బరుది.