వెలుగు దూరని పన్ను

“ఇంత అందంగా వద్దమ్మా! పాతదానిలాగే చెయ్యి.”

డాక్టరమ్మకి నవ్వొచ్చింది. పన్ను బాగాలేదని గొడవపడేవాళ్ళని చూసింది గానీ, బాగుంటుందని గొడవపడే మనిషిని చూడటం ఇదే మొదలు.

ముసలాయన ముందు పన్ను కట్టుడుది. ఎప్పుడో పడుచుతనంలో పెట్టించుకున్నది. సుద్దముక్కలా తెల్లగా, మొద్దుగా ఉండేది. మొన్న విరిగింది.

పళ్ళకి వాడే పింగాణీలో వెలుగు ఎంత దూరుతుందో కొలవడం డాక్టరమ్మ పని. పింగాణీ బిళ్లని ఒకసారి నల్ల పలక మీద, ఒకసారి తెల్ల పలక మీద పెట్టి రంగు కొలుస్తుంది. రెండింటికీ తేడా ఎక్కువుంటే వెలుగు బాగా దూరుతున్నట్టు. అసలు పన్నులో దూరినంతే దూరే పింగాణీ కోసం ఏళ్ళ తరబడి తల బద్దలు కొట్టుకుని, ఇన్నాళ్ళకి సాధించింది. దాన్ని మొదటగా పెట్టబోయేది ఈయన నోట్లోనే.

“కట్టుడు పన్నని కన్నవాళ్ళు కూడా కనిపెట్టలేరు తాతగారూ!”

“అదేనమ్మా నా భయం. మా ఆవిడకి...”

“మామ్మగారు మురిసిపోతారు చూడండి. ఏదీ, నోరు తెరవండి.”

తెరిచాడు. ఇంకేం మాట్లాడతాడు పాపం!

వారం తిరక్కుండా మళ్ళీ వచ్చాడు. మనిషి సగమయ్యాడు.

“ఇది తీసేసి సుద్దముక్కలాంటిదే పెట్టు తల్లీ. నీకు పుణ్యముంటుంది.”

“తియ్యాలంటే పగలగొట్టాలండీ! వచ్చేనెల పెద్ద సభలో మీ పన్నే చూపించాలి. అదయ్యాక మీ ఇష్టం.”

“అందాకా ఆగాలా?”

“ఆగితే కొంపలేం మునిగిపోవు లెండి.”

ఏదో చెప్పబోయి, తలూపి వెళ్ళిపోయాడు.

సభ రోజున ముసలాయన రాలేదు. ఫొటోలతోనే సరిపెట్టుకుంది. ఏది కట్టుడు పన్నో పెద్ద పెద్ద డాక్టర్లే చెప్పలేకపోయారు. ఒకటే చప్పట్లు.

మాటిచ్చింది కదా అని మర్నాడు ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. ఒక పెద్దావిడ తలుపు తీసింది.

“తాతగారున్నారా మామ్మగారూ?”

“మా ఆయనా? ఊరెళ్ళారు. ఎదురుచూసి ఎదురుచూసి కళ్ళు కాయలు కాస్తున్నాయి. నువ్వేమైనా చూశావా అమ్మా? నవ్వితే ముందు పన్ను సుద్దముక్కలా ఉంటుంది. నాకు మతిమరుపుట. కన్నకూతురినే పోల్చుకోలేనుట. ఆయన్ని మాత్రం ఆ పన్ను చూసి ఇట్టే పట్టేస్తాను!”



“మరి... ఒక్కరే ఉంటున్నారా?”

“మొన్నటిదాకా వంటాయన ఉండేవాడు. ఎవరో ఏమిటో, సరాసరి ఇంట్లోకొచ్చాడు. చెడామడా తిట్టి బయటికి తోశాను. గుమ్మంలోనే కూర్చున్నాడు గానీ కదల్లేదు. పోనీ వండిపెట్టు, అన్నాను. బతిమాలి తినిపించేవాడు. తల దువ్వేవాడు. ‘మీ ఆయన రేపొచ్చేస్తారు అమ్మగారూ’ అనేవాడు. మొన్న పోయాడు. పరాయివాడే అయినా ఏడుపాగలేదు నాకు.”



లోపల్నించి కూతురు వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. తల్లిని మెల్లిగా లోపల కూర్చోబెట్టి, మళ్ళీ గుమ్మంలోకి వచ్చి గొంతు తగ్గించి అంది.

“పోయే ముందు కూడా మా నాన్న, అమ్మని ‘అమ్మగారూ’ అనే పిలిచారండీ.”