కాక చేసిన యాడ్

“బస్తా భుజాన పెట్టుకోని మెట్లెక్కేటప్పుడు నవ్వాలె కాకా. ఆయాసం కనపడొద్దు,” అంది సుసన్నా, ఫోన్ కెమెరా సరిచూసుకుంటూ.

రఘుపతి యాభై కిలోల బియ్యం బస్తాను ఒక్క ఊపున భుజానికెత్తుకుని, క్వార్టర్ మెట్లన్నీ గబగబా ఎక్కేశాడు. పైకి వెళ్ళి మీసం కూడా మెలేశాడు. యాభై ఏడేళ్ళ మనిషి. గోదావరిఖనిలో ఆ వయసుకు సగం మంది మోకాళ్ళు పట్టుకుని కూర్చుంటారు.

“సూపర్ కాకా! ఇంకొక్కసారి. ఈసారి పక్కకెల్లి తీస్త.”

ఇది హైదరాబాదులోని ఒక లేహ్యం కంపెనీ యాడ్. దీనికోసం ఊళ్ళో ఒకరు గట్టిగానే తిరిగారు. ఆ ఒకరు రఘుపతి కొడుకు ఉపేందర్.

సుసన్నా తండ్రి మత్తయి, రఘుపతి ఒకే బొగ్గుబాయిలో ఒకే షిఫ్టు చేసినవాళ్ళు. ఆ చనువుతోనే ఉపేందర్, సుసన్నా కలిసి ‘బొగ్గుబాయి ముచ్చట్లు’ అని యూట్యూబ్ చానల్ పెట్టారు. రాసేది, తీసేది, రాత్రీ పగలూ కూర్చుని ఎడిటింగ్ చేసేది సుసన్నా. కెమెరా ముందు నిలబడి పళ్ళికిలించేది ఉపేందర్. సబ్‌స్క్రైబర్లు లక్ష దాటారు. ఒక మసాలా కంపెనీ యాడ్ ఇస్తామని వచ్చింది. సరిగ్గా ఆ వారమే చానల్ పాస్‌వర్డ్ మారిపోయింది.

అడగడానికి వెళ్తే ఉపేందర్ నవ్వాడు.

“కెమెరా పట్టుకున్నోళ్ళందరు ఓనర్లయితరా చెల్లె? నాకు బాయిల డ్యూటీ ఉన్నది, పేరున్నది. నీకేమున్నది?”

ఆ ‘నీకేమున్నది’ ఏడాదిగా ఆమెను నిద్రపోనివ్వలేదు. వాణ్ణి రోడ్డున నిలబెట్టాలి. అప్పటిదాకా ముద్ద దిగితే ఒట్టు.

లేహ్యం కంపెనీ ఈ బొగ్గుగనుల వైపు మనుషుల కోసం చూస్తోందని తెలియగానే ఉపేందర్ నాలుగు మెయిళ్ళు కొట్టాడు. నాలుగింట్లోనూ ఒకటే మాట, ‘నాకు లక్ష మంది ఉన్నారు.’ వాడి తెలివి అక్కడికే. కంపెనీకి లక్ష మందితో ఏం పని? లేహ్యం కొనేవాళ్ళు కావాలి.

సుసన్నా కొత్త చానల్‌కు పన్నెండు వేల మందే. కానీ వాళ్ళెవరో ఆమెకు తెలుసు. నడుం నొప్పుల నాన్నలు, వాళ్ళకు మందులు వెతికే భార్యలు, బిడ్డలు. వాళ్ళు కామెంట్లలో ఏమేం అడుగుతున్నారో ఒక పేజీలో రాసింది. ఎవరూ అడగకుండానే, రఘుపతి గడ్డపార తిప్పుతున్న నలభై సెకన్ల వీడియో తీసి జతచేసింది. మూడో రోజు కంపెనీవాళ్ళే ఫోన్ చేశారు. “ఈ పెద్దాయనే కావాలమ్మా మాకు!”

రెండో టేకు అయ్యాక రఘుపతి మెట్ల మీద కూర్చుని చెమట తుడుచుకున్నాడు.

“మావాడు నన్ను నలుగుర్ల కనపడనియ్యడు బిడ్డా. నాలుగేండ్ల సంది ఇంట్లనే ముడుచుకోని కూసున్న.”

“నీకు తనకంటె ఎక్కువ పేరొస్తదని కుళ్ళు కాకా.”

రఘుపతి నవ్వాడు. మళ్ళీ తనే అడిగాడు. “గిది మన దిక్కు గూడ కనపడ్తదా?”

“లేహ్యం హైదరాబాదోళ్ళది కాకా,” అంది సుసన్నా తల ఎత్తకుండా.

ఆయన భార్య సారవ్వ వేడివేడి సర్వపిండి తెచ్చింది. “తినవే, మొఖం గుంజుకపోయింది,” అని తల నిమిరింది. మత్తయి పోయినప్పుడు సమాధుల దొడ్డిదాకా పెట్టె మోసినవాళ్ళలో రఘుపతి ఒకడు. దారిలో భుజం మార్చుకోమన్నా మార్చుకోలేదు. ఇప్పుడు బస్తా ఎత్తింది ఆ భుజమే. ఒక్క క్షణం సుసన్నాకు ఫోన్ కట్టేసి వెళ్ళిపోదామనిపించింది.

నీకేమున్నది?

“లే కాకా,” అంది. “ఇగ డ్యాన్సు తీద్దాం.”

ఆదివారం యాడ్ బయటికొచ్చింది. సాయంత్రానికి మూడు లక్షల మంది చూశారు. బస్తా మోసి, గడ్డపార తిప్పి, నడుం వంచి మరీ తీన్మార్ ఆడిన కాకను రామగుండం నుంచి కొత్తగూడెం దాకా అందరూ ఒకరికొకరు పంపుకున్నారు. డ్యూటీ దిగి ఫోన్ చూసుకున్న ఉపేందర్ ఆ క్షణమే ఫోన్ చేశాడు.

“ఏం పని చేసినవే? జల్ది తీసెయ్ గా వీడియో!”

“ఏందన్నా, యాడ్ నీకు రాలేదని కడుపుమంటనా?”

“నీ కాల్మొక్త చెల్లె. చానల్ నీకే ఇస్త. నాకేం వద్దు. పాస్‌వర్డ్ ఇప్పుడే పంపుత, చూస్కో.”

నిజంగానే పంపాడు. సుసన్నా చానల్ తెరిచింది. ఉపేందర్ ఫోన్ నంబరు తీసేసి తన నంబరు పెట్టింది. అతని పేరు చెరిపేసి తన పేరు రాసుకుంది. ఏడాదిగా కోరుకున్నది చేతికొచ్చింది. హాయిగా ఊపిరి పీల్చుకుందామని చూసింది. కుదరలేదు.

లేహ్యం యాడ్‌ను బొగ్గు కంపెనీ విజిలెన్స్ ఆఫీసు మెయిల్‌కు జతచేసి, కింద ఇలా రాసి పంపింది: “అయ్యా, నడుం వంగదని, పది కిలోలు కూడా ఎత్తలేనని నాలుగేళ్ళ కింద మెడికల్ అన్‌ఫిట్ అయ్యి, తన ఉద్యోగం కొడుకు ఉపేందర్‌కు ఇప్పించుకున్న రఘుపతి ఈయనే.”