దాపటెద్దు

“బేరం అయిపోయినాక ఇంకా పలుపు పట్టుకోని నిలబడితే ఎట్లప్పా? ఇడ్సిపెట్టు!” దళారి లక్ష్మీపతి గొంతు పెంచాడు.

“ఇడ్సను,” అన్నాడు పుల్లన్న. “ఆయమ్మ బొమ్మ కానీ. అప్పుడు ఇడుస్తా.”

మధ్యలో ఎద్దు. ఎద్దు ముందు మోకాళ్ళ మీద అట్ట పెట్టుకుని వనజాక్షి. ఈ తగువులో తానెందుకు ఇరుక్కున్నానా అని ఆమె పెన్సిలు కొరుక్కుంటోంది.

పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేయడం ఆమె పని. ఎనిమిదేళ్ళుగా అనంతపురం ఎద్దుల సంత ఒక్కటీ వదల్లేదు. సంతకు పది ఎద్దులు గీయాలి, రబ్బరు ముట్టకూడదు. అది తనకు తానే పెట్టుకున్న నియమం. ఇంత మంచి బొమ్మలు మీకెలా తోస్తాయి మేడమ్ అని బడిపిల్లలు అడిగితే కొండలనీ మబ్బులనీ చెప్పదు. వెళ్ళి సంతలో పేడ తొక్కి రండి అంటుంది. ఇన్నేళ్ళు గీసినా గిట్టలు మాత్రం కుదిరి చావవు. గిట్టలు రానివాళ్ళు వాటిని గడ్డిలో దాచేస్తారు. ఈ జిల్లా ఎద్దు కాళ్ళ కింద గడ్డి వేస్తే నమ్మేదెవరు?

ఈరోజు కూడా ఐదు నిమిషాల్లో గీసుకుని ఇంకో ఎద్దు దగ్గరికి పోయేదే. పక్కన నిలబడి చూస్తున్న ఈ కంబదూరు ముసలాయన పుల్లన్న ఉన్నట్టుండి, “మాదాన్ని గీసి ఆ కాగితం నాకిస్తావామ్మా?” అని అడిగాడు. అడిగిన తీరుకు కాదనలేకపోయింది.

“బొమ్మే కావల్లంటే నా ఫోన్లో ఫోటో తీసిస్తా రాప్పా,” అన్నాడు లక్ష్మీపతి. “లారీ కాసుకోనుండాది. ఇంకా ఏడు ఎద్దుల్ని ఎక్కించల్ల.”

“ఫోటో వద్దు. అది చిటికెలో అయిపోతాది.”

“అయితే మంచిదే గదా!”

“నాకు మంచిది గాదు,” అన్నాడు పుల్లన్న.

లక్ష్మీపతి కాసేపు ఆగమని లారీ వైపు చేయి ఊపి, బీడీ వెలిగించుకున్నాడు.

వనజాక్షికి అర్థమైంది. బొమ్మ పూర్తయ్యే దాకా ఎద్దు ఆయనది. అందుకే ఎనిమిదేళ్ళలో మొదటిసారి కావాలని నిదానంగా గీసింది. గీసిన గంగడోలు మీదే మళ్ళీ మళ్ళీ పెన్సిలు తిప్పింది.

“దీని పేరేంది పెద్దాయనా?”

“పేరేముంటాదిలేమ్మా. ఒరే అంటే పలుకుతాది.” ఆయన వంగి కాగితంలోకి చూశాడు. “కుడి కొమ్ము కొన ఇరిగిపోయుండాది. అట్లే ఎయ్యి, సక్కగా ఎయ్యొద్దు. కంటి కింద ఆ సార గూడా ఎయ్యి. పొద్దన్నించి కారతానే ఉండాది.”

ఆమె కన్నీటి చార కూడా వేసింది.

“ఇంత ఇష్టంగా సాక్కున్నావు, ఎందుకు అమ్ముతాండావు?” అడిగాక తన ప్రశ్నకు తనకే సిగ్గేసింది. రెండేళ్ళుగా సరైన వానలేదని ఆమెకు మాత్రం తెలియదా?

“మేతకుండే శనక్కాయ కట్టె ఎప్పుడో అయిపాయె. బోరు ఎండిపాయె. ఎద్దు మేస్తాంటే ఎంతసేపన్నా చూడొచ్చమ్మా. మేత లేక నా పక్కే చూస్తా నిలబడుకుంటే, ఆ చూపు చూల్లేను.”

లారీ ఎక్కిన ఎద్దు ఎక్కడికి పోతుందో సంతలో ఎవరూ అడగరు. పుల్లన్నా అడగలేదు.

ఎంత నిదానంగా గీసినా బొమ్మ అయిపోయింది. చివరికి గిట్టలు కూడా కుదిరాయి. వనజాక్షి సంతోషపడలేకపోయింది. లక్ష్మీపతి బీడీ పారేసి ముందుకొచ్చాడు.

“ఇంకొక్కటి,” అన్నాడు పుల్లన్న. “ఇది వలపటెద్దు. కాడికి కుడిపక్క కట్టేది. దీని ఎడమపక్కన దాపట దాన్ని గూడా ఎయ్యమ్మా. జోడు లేకుండా ఒంటిగా ఉంటే నేను చూల్లేను.”

“జోడుదాన్ని గూడా తెచ్చినావా? యాడ?” అన్నాడు లక్ష్మీపతి.

“అది మూడేండ్ల కిందటే రోగమొచ్చి సచ్చిపాయె.”

వనజాక్షి పెన్సిలు మళ్ళీ అందుకుంది. “ఎట్లుండేదో చెప్పు. నువ్వు చెప్పేదాన్నిబట్టి గీస్తా.”

“సచ్చిపోయింది గాదమ్మా. అది పోయినాక దీని పక్కన కట్టినామే, ఆ జోడును.”

“దాన్ని అమ్మేసినావా?”

“దాన్నెవరు కొంటారు?” ముసలాయన ఈ పూటలో మొదటిసారి నవ్వాడు. ముందు పళ్ళు రెండు లేవు.

“అంత పనికిరానిదా?” అన్నాడు లక్ష్మీపతి.

“మూడేండ్లు దున్నిందప్పా. పనికిరానిది అనగాకు.”

లారీ హారను మోగింది. మళ్ళీ మోగింది. వనజాక్షి తొందరపడుతూ, “చూడకుండా ఎట్లా గీసేది పెద్దాయనా? రంగన్నా చెప్పు. కొమ్ములు ఎట్లుంటాయో చెప్పు,” అంది.

పుల్లన్న పలుపు లక్ష్మీపతి చేతిలో పెట్టాడు. ఎద్దు చుట్టూ తిరిగి ఎడమపక్కకు వెళ్ళి, దాని మెడ పక్కన తన మెడ ఆనించి వంగాడు. ఎద్దు కదలకుండా నిలబడింది. కడసారి చూసుకుంటున్నాడనుకుని వనజాక్షి తల దించేసుకుంది. ఏడుపు ఆపుకోవడం ఆమె వల్ల కాలేదు.

“తల ఎత్తమ్మా, చూసి గీయి,” వంగినవాడు వంగినట్టే ఉండి అన్నాడు పుల్లన్న. “మా ఇంట్లోది మేడి పట్టి దున్నుతాంటే, మూడేండ్లు దీని పక్కన కాడి గుంజింది నేనే.”