మిరపకాయ గారి సమస్య

"రాదోవాన్! ప్రింటర్ పలకట్లేదు. ఒకసారొచ్చి చూడు," వంటింట్లోంచి కేకేసింది నెవెంకా.

"నోటిమాట మీద సాయం చెయ్యం. ఫోరంలో రాయి," అన్నాడు మొగుడు పక్కగదిలోంచి.

నోవీసాద్ ఊళ్ళో కంప్యూటర్లో లినక్స్ వాడేవాళ్ళ ఆన్‌లైన్ ఫోరానికి ఆయనే పెద్ద.

నెవెంకాకి ఒళ్ళు మండింది. పొయ్యి మీద ఎర్ర మిరపకాయలు కాలుతున్నాయి. ల్యాప్‌టాప్ తెరిచి, 'మిరపకాయ' అని మారుపేరు పెట్టుకుని ప్రశ్న రాసింది.

గోడ అవతల కీబోర్డు టకటకలాడింది.

"స్వాగతం, మిరపకాయ గారూ! కంగారుపడకండి. ఏ వెర్షన్ వాడుతున్నారు?"

గారూ! కాపురానికొచ్చాక ఈ మర్యాద ఎన్నడూ ఎరగదు. ఆయన ఎంతో ఓపిగ్గా ఒక్కొక్కటే చెప్పాడు. ఆమె చేసింది. ప్రింటర్ మూలిగి, కాగితం కక్కింది.

"మీ మేలు మర్చిపోను," అని రాసి, కాసేపాగి మళ్ళీ రాసింది. "ఇంకో సమస్యండీ. మా ఆయన కూడా పలకట్లేదు. నన్ను పేరు పెట్టి పిలిచి ఎన్నాళ్ళయిందో!"

టకటక ఆగిపోయింది. కుర్చీ కిర్రుమంది.

"నెవెంకా!"

ఆమె చటుక్కున లేచింది. "ఆఁ, ఏంటి?"

"ఏం లేదు. ఊరికే పిలిచా."

నెవెంకా నవ్వుకుంటూ కాఫీకి నీళ్ళు పెట్టింది, ఇద్దరికీ సరిపడా.

అప్పుడొచ్చింది తెర మీదికి జవాబు.

"మిరపకాయ గారూ, మా ఇంట్లో పరీక్షించి చూశాను. మా ఆవిణ్ణి పేరు పెట్టి పిలిస్తే వెంటనే పలికింది. ఇక్కడ మీరు చెప్పిన సమస్య రావట్లేదు. ప్రశ్న మూసేస్తున్నాను."