సెగుండో తూకం

సెగుండో ఆ పూట కూడా జావ సగం గిన్నెలోనే వదిలేశాడు.

"తిను తాతా. నేను పెడితే ఎక్కట్లేదా?" అంది జెర్లిన్.

"ఆకలి లేదమ్మడూ."

కడుపులో ఆకలి కరకరలాడుతోంది. కానీ ఇలోయిలో అనే ఊరి బజారులో జీవితమంతా బియ్యం తూచిన మనిషి. తను తినకుండా వదిలిన ప్రతి మెతుకూ, తనని రోజూ ఎత్తే ఆ పిల్ల నడుముకి లాభమని లెక్క వేసుకున్నాడు. వేలి ఉంగరం తీసేశాడు. జుట్టు కూడా గొరిగించుకున్నాడు.

"ఏంట్రా, పెళ్ళికొడుకు ముస్తాబా?" అన్నాడు పక్క మంచం పోన్సో. "సోకు ఎక్కువై లేచి నడిచేవు సుమా! ఇక్కడ చోటు నడవలేనివాళ్ళకే. మొన్నటిదాకా ఆ మూల మంచంలో ఉన్న తెమ్యోంగ్ కర్ర పట్టుకుని నాలుగడుగులు వేశాడని సాయంత్రానికల్లా మూట కట్టి గేటు దాటించారు. ఇప్పుడు జీప్నీ బళ్ళు ఆగే స్టాండులో దోమలకి విందు చేస్తున్నాడు."

జెర్లిన్ ఫక్కున నవ్వి, నడుం పట్టుకుంది.

ఆ వృద్ధుల ఆశ్రమంలో ఆమె కొత్తగా చేరింది. పక్షవాతంతో వచ్చిన సెగుండోని మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి స్నానాల గదిలోకి, మళ్ళీ మంచం మీదకి ఎత్తడం ఆమె పని. ఇద్దరు కలిసి ఎత్తాలని గోడ మీద రాసి ఉంది. పాతవాళ్ళు మాత్రం రారు. మేమూ ఒంటరిగానే ఎత్తి నేర్చుకున్నాం అంటారు. మంచాలేమో మోకాలెత్తు. ఆ పిల్ల నడుం వంచి, మెలితిరిగి, ఊపిరి బిగబట్టి ఎత్తుతుంది.

"మోకాళ్ళు వంచు. బరువు గుండెకి ఆనించుకో," అన్నాడు సెగుండో.

"భోజనాల గంట కొట్టేలోపు ఇంకా ముగ్గుర్ని దించాలి తాతా. మోకాళ్ళు వంచే టైమెక్కడిది?"

"పోనీ, ఇక్కడ పెత్తనమంతా సిస్టర్ ఫ్లోర్‌దేగా, నొప్పి సంగతి ఆవిడతో చెప్పు."

"చెప్తే ఇంటికి పొమ్మంటారు. నేనింకా పర్మినెంట్ కాలేదుగా. ఇంటి దగ్గర నా జీతం మీదే పొయ్యి వెలగాలి." అతని మొహం చూసి బుగ్గ గిల్లింది. "నువ్వెందుకు దిగులు పడతావ్? కాళ్ళు పడిపోవడం నీ తప్పా?"

సెగుండో గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

బజారులో బియ్యం కొట్టు నడిపిన రోజుల్లో తనూ అంతే. కొత్తగా వచ్చిన కూలీ చేతే పెద్ద బస్తా ఎత్తించేవాడు. వాడి నడుం పట్టేస్తే మర్నాడు ఇంకొకడు దొరికేవాడు. గోనెసంచికి చిరుగు పడితే కుట్టించాడు గానీ, కూలీ నడుం ఏనాడూ ఖర్చు కింద రాయలేదు. ఇప్పుడు కొట్టూ లేదు, కొంపా లేదు. మిగిలింది ఈ మంచం ఒక్కటే.

ఆదివారం పొద్దున మిగతావాళ్ళందర్నీ చక్రాల కుర్చీల్లో ప్రార్థనకి తోసుకెళ్ళారు. పోన్సోకి దగ్గు, సెగుండోకి మనసు లేదు. ఇద్దరూ ఉండిపోయారు. రేకుల మీద వాన దంచుతోంది. జెర్లిన్ సెగుండోని కుర్చీలోంచి మంచం మీదకి చేర్చి, దుప్పటి కప్పి, కింద పడి ఉన్న అతని అరిగిన చెప్పు తియ్యడానికి వంగింది.

మళ్ళీ లేవలేకపోయింది.

"తాతా... నడుం..." అంటూ అలాగే నేల మీదకి ఒరిగిపోయింది. మొహం పాలిపోయింది.

"ఎవరైనా రండర్రా! పిల్ల పడిపోయింది!" పోన్సో అరిచాడు. దగ్గు తెర అడ్డుపడింది. వానలో, అవతలి ప్రార్థన పాటల్లో ఆ గొంతు ఎవరికీ వినిపించలేదు.

"కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి తాతా," అని ఏడ్చింది జెర్లిన్.

సెగుండో ఆ పిల్ల వైపు చూశాడు. తను పడుకున్న మంచాన్ని చూసుకున్నాడు.

తర్వాత దుప్పటి పక్కకి తోసి, మంచం దిగి, కొన్నాళ్ళుగా అందరూ నిద్రపోయాక రోజూ నడుస్తున్నట్టే చకచకా వరండా దాటి, సిస్టర్ ఫ్లోర్‌ని పిలవడానికి ప్రార్థన మందిరంలోకి నడిచి వెళ్ళాడు.