డిసెంబర్ నుంచి వెనక్కి

గోల్‌కీపర్ మోకాలు తలకు తగిలి మా అక్క కూతురు దభీమని పడింది. జట్టుకు కోచ్‌ని నేనే. ఒక్క పరుగున వెళ్లాను.

"నెలలు వెనక్కి చెప్పు."

"డిసెంబర్, నవంబర్, అక్టోబర్..." జనవరి దాకా గడగడా అప్పజెప్పేసింది.

"పోయినవారం ఎవరితో ఆడాం?"

"వంతెన అవతలి బడితో. గెలిచాం. లేవనా పిన్నీ?"

తలకు దెబ్బ తగిలినవాళ్లను అడగాల్సిన ప్రశ్నలివి. తడబడితే మెదడు అదిరిందని లెక్క, ఇక ఆడనివ్వకూడదు. క్లాసులో ఎంత మొత్తుకున్నా ఒక్కరూ చెవిన పెట్టకపోయేసరికి, పోటీ పెట్టి జవాబులన్నీ బట్టీ పట్టించాను. ఫస్టు వచ్చింది ఇదే. పొద్దున బస్సులో కూడా అందరిచేతా అప్పజెప్పించాను.

దాని చూపు ఎక్కడో ఉంది. స్కోరు సమానంగా ఉంది. చూపు సంగతి చూడనట్టే ఊరుకుని, "సరే, వెళ్లు" అన్నాను.

ఆఖరి గోల్ అదే కొట్టింది. పిల్లలు దాన్ని భుజాల మీద మోసుకొచ్చి నా ముందు దించారు.

"అంత దూరం నుంచి ఎలా కొట్టావే?"

అది చాలాసేపు ఆలోచించింది. తప్పంతా తనదే అన్నట్టు తల దించుకుంది.

"ఈ ప్రశ్న నువ్వు నేర్పలేదు కదా పిన్నీ."